కేసుషీటులో లేని మాట

మా అత్తకు రక్తపోటు. ఇందులో వింతేమీ లేదు. డెబ్భై దాటినవాళ్ళున్న ఇంట్లో రక్తపోటో, చక్కెరజబ్బో, రెండూనో ఉండనే ఉంటాయి. వింత ఏమిటంటే, మూడు రకాల మాత్రలు మింగుతున్నా ఆ పోటు 180 నుంచి దిగనని మొండికెయ్యడం.

కడపలో మేము చూపించే డాక్టరుగారు మంచివాడే. వెళ్ళినప్పుడల్లా చేతికి పట్టీ కట్టి చూసేవాడు. పెదవి విరిచేవాడు. "మాత్రలు సరిగా వేసుకుంటున్నారా?" అని అడిగేవాడు. "వేసుకుంటోందండీ" అని నేను చెప్పేదాన్ని. "ఉప్పు తగ్గించారా?" "తగ్గించామండీ." అదీ నేనే చెప్పేదాన్ని. ఆయన ఒక మాత్ర బలం పెంచి చీటీ రాసిచ్చేవాడు. అత్త మాత్రం కుర్చీలో కూచుని, గోడకు తగిలించిన గుండెకాయ బొమ్మ వైపు చూస్తూ ఉండేది. ఎవరి రక్తపోటు గురించో మాట్లాడుకుంటున్నట్టు!

నిరుడు ఉగాదినాడు పొద్దున, నేను పచ్చడికి చింతపండు పిసుకుతూ ఉండగా వసారాలో ధబ్బుమని చప్పుడైంది. పోయి చూస్తే అత్త స్నానాలగది గడప దగ్గర పడి ఉంది. గడపరాయి అంచు నుదుటికి తగిలి నెత్తురు కారుతోంది. పండుగపూట ఆటో దొరికి, ఆసుపత్రికి చేరి, నాలుగు కుట్లు వేయించేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడ పట్టీ కట్టి చూస్తే పోటు 90! మొన్నటిదాకా 180, ఇవాళ 90. డాక్టరుగారే ఆశ్చర్యపోయాడు. "మాత్రలు ఎక్కువేమైనా వేసుకున్నారా?" అని అడిగాడు. "లేదండీ, రోజూ వేసుకునేవే" అన్నాను నేను. ఈసారి కూడా నేనే.

ఆ ఎండాకాలం సెలవులకు మా అక్క కూతురు వచ్చింది. కర్నూలులో బి.ఎస్సీ. నర్సింగు చదువుతోంది. చదువు మాటకేం గాని, వచ్చిందంటే పెట్టె దించకముందే "చిన్నమ్మా, ఉగ్గాని చెయ్యవా?" అని అడిగే పిల్ల. ఈసారి పెట్టెతోపాటు ఒక పని కూడా వెంట తెచ్చుకుంది. చాలాకాలంగా జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళను ఒకరిని కూచోబెట్టి మాట్లాడించి, వాళ్ళు చెప్పిందంతా పొల్లుపోకుండా రాసుకుని రావాలట. మార్కులకు కాదు, అలవాటు కావడానికి. ఇట్లాంటి పనికి గుణాత్మక పరిశోధన అని పేరు.

"అంటే ఏమే?" అన్నాను.

"ఎంతమందికి జబ్బుంది, ఎంతమందికి తగ్గింది అని లెక్కపెట్టేది ఒక రకం పరిశోధన చిన్నమ్మా. ఆ జబ్బుతో మనిషి ఎట్లా బతుకుతున్నాడు, మనం చెప్పింది ఎందుకు చెయ్యడం లేదు అని ఆ మనిషినే అడిగి తెలుసుకునేది ఇంకో రకం."

మావారు పక్కనుంచి నవ్వారు. ఆయన దస్తావేజు లేఖరి. కొలతలూ హద్దులూ లేని కాగితం ఆయనకు కాగితమే కాదు. "ముసలమ్మలతో ముచ్చట్లాడితే అది పరిశోధన ఎట్లా అవుతుంది? ఒకరిని అడిగితే ఏం తెలుస్తుంది?" అన్నారు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అని నేను పిల్ల తరపున వాదించబోయాను. అది నా వాదాన్నీ ఒప్పుకోలేదు. "మనుషులంతా ఒకే ఎసట్లో ఉడికిన మెతుకులు కారు చిన్నమ్మా. ఒకరి తరువాత ఒకరిని అడుగుతూ పోవాలి. ఇక కొత్త సంగతి రావడం లేదు, విన్నదే మళ్ళీ వినబడుతోంది అన్నప్పుడు ఆపాలి. అప్పుడు కూడా ఎందుకు అన్నది చెప్పగలం గాని, ఎంతమంది అన్నది చెప్పలేం. దానికి మళ్ళీ లెక్కలవాళ్ళే కావాలి" అన్నది. పందొమ్మిదేళ్ళ పిల్ల! నాకు ముచ్చటేసింది.

ఆ సాయంత్రం అత్తను మంచంమీద కూచోబెట్టి, పక్కన సెల్‌ఫోను పెట్టి, "అవ్వా, నీ మాటలు ఇందులో ఎక్కుతాయి. నీకు ఇష్టం లేకపోతే తీసేస్తాను" అని చెప్పి మొదలుపెట్టింది. నేను బియ్యం చేట తీసుకుని అక్కడే కూచున్నాను. అరగంటలో అంతా అయిపోయింది.

మరునాడు ఆ మాటలన్నీ నోటుపుస్తకంలో ఎక్కించి నా చేతికిచ్చింది. చదివితే నా మొహం మాడిపోయింది. మొదటి రెండు పేజీల్లో అత్త మాటలు నాలుగంటే నాలుగు. తక్కినవన్నీ నావి. "అవ్వా, నీకు ఒంట్లో ఎట్లుంది?" అని పిల్ల అడిగితే, "నడుంనొప్పి ఉందని చెప్పు అత్తా" అని నేను. "రాత్రి నిద్ర పడుతుందా?" అంటే, "బాగానే పడుతుంది" అని నేను. అత్త నిద్ర నాకెట్లా తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి.

"తప్పు నాది కూడా ఉంది చిన్నమ్మా. ఊ అనో ఉహూ అనో తేలిపోయే ప్రశ్నలు అడిగినాను" అని పిల్ల నన్ను ఓదార్చింది. ఈ సంగతి ఇప్పటిది కాదట. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రోగుల పరిచర్య మీద రాసిన చిన్న పుస్తకంలోనే దీని గురించి గట్టిగా మందలించింది. రోగి రాత్రి బాగా నిద్రపోయాడా అని అడగకూడదు, ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ వేళలో మేలుకున్నాడు అని అడగాలి. జవాబును ప్రశ్నలోనే పెట్టి అడిగితే వచ్చేది జవాబు కాదు అని ఆవిడ అభిప్రాయం. లాంతరు పట్టుకుని తిరిగిన దయామయి అని మనం బొమ్మలో చూసే ఆ మనిషికి నిజానికి అంకెల పిచ్చి. యుద్ధంలో చచ్చిపోయిన సైనికుల లెక్కలను రంగుల చక్రాలుగా గీసి ప్రభుత్వం కళ్ళు తెరిపించింది. అంకెలమ్మకే మాటల విలువ తెలిసినప్పుడు మావారికి తెలియకపోవడానికి కారణం కనిపించదు.

రెండోసారి నన్ను గదిలోకి రానివ్వలేదు. తలుపు దగ్గరికి వేసుకున్నారు. అడిగింది ఒక్కటే ప్రశ్న అట: "అవ్వా, పొద్దున లేచినప్పటినుంచీ నీ దినం ఎట్లా గడుస్తుందో చెప్పు." తరువాత నోరు మూసుకుని కూచోవడమే. అవతలివాళ్ళు మాట ఆపితే వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకూడదట. మనసులో పది లెక్కపెట్టుకోవాలట. ఆ పదిలోపలే అసలు మాట వస్తుందట. నేను వంటింట్లో సంగటి కెలుకుతూ చెవులు రిక్కించి విన్నాను గాని ఏమీ అర్థం కాలేదు. ఒకసారి నవ్వులు వినిపించాయి. ఒకసారి చాలాసేపు ఏమీ వినిపించలేదు. గంటన్నర తరువాత తలుపు తీసుకుని వచ్చిన పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నది?" అన్నాను.

"చెప్పకూడదు చిన్నమ్మా."

"అదేమిటే? నా ఇంట్లో, మా అత్త సంగతి, నాకు చెప్పకూడదా?"

"అవ్వ ఒప్పుకుంటే చెప్తాను. చెప్పనని మాటిచ్చి మాట్లాడించినాను."

నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళు వండి పెట్టినదాన్ని నేను, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు ఆమె గుట్టు దక్కుతుందా? ఆ పూట ఇద్దరికీ అన్నం పెట్టి నేను తినకుండా పడుకున్నాను. తరువాత ఆలోచిస్తే, పిల్ల సంకటం నాకన్నా పెద్దది. ఇచ్చిన మాట నిలుపుకుంటే అవ్వ మళ్ళీ పడిపోవచ్చు. మాట తప్పితే అవ్వ ఇక ఎవరికీ నోరు విప్పదు. నర్సుల చదువులో దీన్ని గురించి పాఠాలే ఉన్నాయట. పాఠం ఉండడం వేరు, అవ్వ ముందర కూచోవడం వేరు. రెండు రోజులు అవ్వను బతిమాలింది. మూడోనాడు అత్త "చిన్నమ్మకు చెప్పుకో. నా కొడుకుకు మాత్రం తెలియగూడదు" అని సెలవిచ్చింది.

ఆ నోటుపుస్తకంలో అత్త మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్నాయి. మాది పాతకాలపు ఇల్లు. మరుగుదొడ్డీ స్నానాలగదీ తరువాత కట్టించినవి. చోటులేక వసారా చివర కట్టించాము. ఆ వసారాలోనే బల్ల వేసుకుని మావారి దగ్గరికి వచ్చే కక్షిదారులు కూచుంటారు. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండుదాకా అయిదారుగురు మగవాళ్ళు ఉండనే ఉంటారు. డాక్టరుగారు రాసిన మూడు మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేది. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నంలోపల నాలుగయిదుసార్లు లేవాలి.

"పరాయి మొగోళ్ళ ముందర్నుంచి ఎన్నిసార్లు పోవల్ల పాపా? పోయినప్పుడల్లా వాళ్ళు కాళ్ళు ముడుచుకోని దారిస్తాండ్రి. నాకు తల తీసేసినట్టుంటాంది. అందుకే వేసుకునేది మానుకుంటి. ఆ మాత్ర ఏదో నాకు తెల్దు, మూడూ ఒక తీరుగానే ఉండె. మూడూ మానుకుంటి. నీళ్ళు గూడ తాగేది లేదు పొద్దున."

మరి డాక్టరు దగ్గరికి పోయే రోజు? "ఆ పొద్దు వేసుకుంటాండ్య. వేసుకుంటాండావా అని అడుగుతాడు గదా. అబద్ధం చెప్తే పాపం."

ఉగాదినాడు కక్షిదారులు ఎవరూ రారు. అందుకని ఆ పొద్దున, కొత్తగా బలం పెంచి రాసిన మూడు మాత్రలూ ఒక్కసారిగా మింగింది. ముందురోజు నుంచీ నీళ్ళు అంతంతమాత్రం. లేచి నిలబడేసరికి కళ్ళు తిరిగాయి. అంతే సంగతి. ఎనిమిది నెలలుగా డాక్టరుగారు మందు పనిచెయ్యడం లేదనుకుని మందు పెంచుతూ వచ్చాడు. మందు అసలు లోపలికే పోలేదని కేసుషీటులో ఎక్కడా లేదు. ఉండదు మరి; "వేసుకుంటోందండీ" అని రాయించినదాన్ని నేనే గదా.

అత్త అంతటితో ఆగలేదు. తన పుట్టిల్లు జమ్మలమడుగు పక్క పల్లె. చిన్నప్పటినుంచీ ఆడవాళ్ళంతా మబ్బుతో లేచి బయటికి పోయి వచ్చేవాళ్ళు; మళ్ళీ పొద్దుగూకి చీకటి పడితేనే. నడుమ ఎంత అవసరమైనా లేదు. అందుకని నీళ్ళు తాగేదీ కొలతగానే. పెన్న ఎండిపోయి, చెలమలో ఊరే నీళ్ళకు కడవ పట్టుకుని కూచునే ఎండల్లో, ఆడది దాహమైనా ఆపుకోవడం నేర్చుకుంది. డెబ్భై ఏళ్ళ అలవాటు అది. మనం దానిమీద నీరు తీసే మాత్ర ఒకటి రాసిచ్చి, రోజుకు ఇన్ని గ్లాసులు నీళ్ళు తాగమని చెప్పి పంపిస్తాం. రాయలసీమలో ఎన్ని ఇళ్ళల్లో ఎందరు అవ్వలు ఈ మాత్రను దిండుకింద దాస్తున్నారో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును. కాని దాస్తారు అన్న సంగతి ముందు తెలిస్తే గదా లెక్క తీసేది!

ఇట్లా అసలు కారణం ఒకచోట ఉంటే మనం ఇంకోచోట వెతకడం పెద్ద పెద్ద పథకాలలో కూడా జరిగింది. మా పిల్ల చెప్పిన వాటిల్లో ఒకటి మన పొరుగున జరిగినదే. 1960 ప్రాంతాల్లో పల్లెల్లో క్షయ జబ్బువాళ్ళు వైద్యానికి రావడం లేదంటే, అజ్ఞానం, వాళ్ళకు జబ్బు ఉన్నట్టే తెలియదు అని చాలామంది అనుకునేవారు. బెంగుళూరు జాతీయ క్షయ సంస్థకు చెందిన దేవబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు, రాయలసీమకు ఆనుకుని ఉన్న తుమకూరు జిల్లా పల్లెలకు పోయి, జబ్బు ఉన్నట్టు తేలినవాళ్ళను ఇళ్ళవద్దనే కలిసి మాట్లాడించారు. 1963లో ఆ సంగతులు అచ్చయ్యాయి. తెలియకపోవడం ఏమిటి? దాదాపు అందరికీ తమ బాధ తెలుసు. చాలామంది దాని గురించి దిగులుపడుతున్నారు. సగంమందికి పైగా అప్పటికే ఆసుపత్రి గడప తొక్కివచ్చారు. దగ్గుమందు సీసా ఇచ్చి పంపేశారు, అంతే! తప్పు ఎవరిదని లోకం అనుకున్నదో వాళ్ళది కాదు. ఆ తరువాత దేశంలో క్షయ పథకం నడిపేవాళ్ళు, జనాన్ని వెతుక్కుంటూ తిరిగేకన్నా ముందు దగ్గుతో వచ్చినవాళ్ళ కళ్ళె పరీక్ష చెయ్యడం మేలని తెలుసుకున్నారు.

ప్రసవంలో తల్లి చచ్చిపోయిన ఇంటికి పోయి అడగడం ఇంకా కష్టమైన పని. 1994లో ఇద్దరు ఆడవాళ్ళు, సెరీన్ తడియస్, డెబోరా మెయిన్, ఆ మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయని చెప్పారు. ఆసుపత్రికి తీసుకుపోదామని ఇంట్లో నిర్ణయించడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రి చేరిన తరువాత వైద్యం అందడంలో ఒకటి. మన ప్రభుత్వం కూడా 2010 నుంచి, తల్లి చచ్చిపోయిన ఇంటికి పోయి బంధువులతో మాట్లాడి ఏం జరిగిందో రాసుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్పత్రి కాగితంలో నెత్తురు పోయి మరణించినట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్ళ మాటల్లో మరొకటి ఉంటుంది: మగవాళ్ళు ఊళ్ళో లేరు, చేతిలో డబ్బు లేదు, అత్త తెల్లారనీ అన్నది. 2005లో మన రాష్ట్రంలో 108 బండ్లు వచ్చిన తరువాత దారి ఆలస్యం చాలావరకు తగ్గి ఉంటుంది. ఇంట్లో జరిగే ఆలస్యానికి మాత్రం ఏ బండీ లేదు.

మాట వినడమే కాదు, మాట అర్థం కావడం ఇంకో ఎత్తు. కర్నూలు పెద్దాసుపత్రికి ఒక్క కర్నూలువాళ్ళే రారు. అటు మహబూబునగరం నుంచి, ఇటు బళ్ళారి, రాయచూరు నుంచి కూడా వస్తారు. తెలుగు, కన్నడం, ఉరుదూ, లంబాడీ, అన్నీ ఒకే వరండాలో వినబడతాయి. 1956లో అక్కడ వైద్య కళాశాల పెట్టిన నాటినుంచీ కోస్తా జిల్లాల పిల్లలు చదువుకు వచ్చి, మన సీమ తెలుగుతో తికమకపడుతూనే ఉన్నారు. "పానం బాగలేదు" అంటే ప్రాణం పోతున్నదని కాదు, ఒంట్లో నలతగా ఉందని. "ఉడుకు చేసింది" అన్నదనుకోండి, జ్వరం అని రాసుకుంటే పొరపాటు. మూత్రం మంట కావచ్చు, నోటిపూత కావచ్చు, సెగగడ్డ కావచ్చు, ఆడవాళ్ళ విషయంలో పైకి చెప్పుకోలేనిది ఇంకోటి కావచ్చు. కాళ్ళు గుంజుతున్నాయన్న మనిషి కాళ్ళ గురించే చెప్తున్నదో, రోజంతా నిలబడి చేసే చాకిరి గురించి చెప్తున్నదో కనిపెట్టాలి. అందుకే రోగి ఏ మాట అంటే ఆ మాటే రాసుకోవాలట. దాన్ని డాక్టరు భాషలోకి అప్పటికప్పుడు మార్చేస్తే అసలు సరుకు అక్కడే జారిపోతుంది.

రాసుకున్న తరువాత చేసే పని చూస్తే నాకు బియ్యంలో రాళ్ళేరడం గుర్తుకొచ్చింది. ఒక్కొక్క వరుసా చదివి, పక్కన చిన్న పేరు పెడుతుంది. "మగవాళ్ళ కంటబడడం." "నీళ్ళు తక్కువ తాగడం." "కోడలికి బరువు కాకూడదని." ఒక పోలిక ఉన్నవన్నీ ఒకచోట చేరుస్తుంది. చేర్చి చూస్తే అత్త మాటల్లో రక్తపోటు అన్న పదం రెండేసార్లు వచ్చింది. "బరువు" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. మేము రక్తపోటుకు వైద్యం చేయిస్తున్నాము. ఆమెకు మాత్రం బరువు కాకుండా ఉండడమే పెద్ద పని.

ఇట్లా మాటల్లోంచి సిద్ధాంతం పైకి తీసే పద్ధతికి రూపం ఇచ్చినవాళ్ళు బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు. వాళ్ళు పనిచేసింది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక నర్సింగు స్కూలులో కావడం విశేషం. జీన్ క్వింట్ అనే నర్సు కూడా వాళ్ళతో కలిసి పనిచేసింది. ఆ చుట్టుపట్ల ఆసుపత్రులలో మరణానికి దగ్గరగా ఉన్న రోగుల పక్కన గంటలూ రోజులూ గడిపి, ఎవరికి ఏం తెలుసు, తెలిసినది ఎవరు ఎవరి దగ్గర దాస్తున్నారు అని గమనించారు. 1965లో పుస్తకం వేశారు. పద్ధతి గురించిన పుస్తకం 1967లో వచ్చింది. రోగికి ఏమీ తెలియకుండా దాచడం ఒక స్థితి. రోగి అనుమానపడడం ఇంకోటి. అందరికీ తెలిసి అందరూ బాహాటంగా మాట్లాడుకోవడం ఒకటి. వీటి నడుమ మరొకటి ఉంది: రోగికీ తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళకూ తెలుసు, కాని ఎవరికీ తెలియనట్టే అందరూ నటిస్తారు.

ఇది మా పిల్ల చెప్తున్నప్పుడు నా చేతిలో పని ఆగిపోయింది. మా మామ పోయి పన్నెండేళ్ళు. కేన్సరు. ఆయనకు చెప్పొద్దని డాక్టరుకు చెప్పాము. అత్తకు కూడా చెప్పలేదు. కడుపులో పుండు అన్నాము. నాలుగు నెలలు ఆ ఇంట్లో మావారూ నేనూ ఎంత చక్కగా అబద్ధాలాడామో! అత్త ఆ గంటన్నరలో చెప్పిన మాట ఇది:

"ఆయనకు తెలుసు పాపా. నాకూ తెలుసు. పిల్లోళ్ళు దాస్తాండారు గదా, మనం తెలిసినట్టు కనిపిస్తే వాళ్ళు తట్టుకోలేరని ఆయన గమ్మునుండె. నేనూ గమ్మునుంటి. పోయేముందర ఆయనతో రెండు మాటలు చెప్పుకుందామనుకుంటి. చెప్పుకోలేదు."

ఆ కింద పుస్తకంలో అరపేజీ కాగితం అంటించి మూసేసి ఉంది. అది నాకు చూపించడానికి అత్త ఒప్పుకోలేదట. నేను అడగలేదు.

చెయ్యగలిగిన పని ఒకటి ఉంది, అది చేశాము. వెనక గోడకు దోవ కొట్టించి, రెండు నాపరాళ్ళు మెట్లుగా వేయించి, లోపలిగది నుంచే మరుగుదొడ్డికి తలుపు పెట్టించాము. మావారు "ఇప్పుడీ ఖర్చెందుకు?" అన్నారు. వసారాలో ఎండ పడుతోంది, కక్షిదారుల బల్ల అటు జరిపితే బాగుంటుంది, ఎట్లాగూ మేస్త్రీ వస్తాడు గదా అని ఏదో చెప్పాను. అత్తకు ఇచ్చిన మాట ప్రకారం అసలు సంగతి చెప్పలేదు. డాక్టరుగారికి మాత్రం అత్త అనుమతితో చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత ఏ మాత్ర ఏమిటో అత్తకే చూపించి, ఒకటి తగ్గించి, ఏది ఏ వేళకు వేసుకోవాలో చెప్పాడు. మూడు నెలల్లో పోటు 140 దగ్గరికి దిగింది.

ఇది రాసే ముందు అత్తను అడిగాను. "పేరు వెయ్యగూడదు" అన్నది. "మరి నీ కొడుకు చదివితే?" అంటే, "వాడు అడంగలు తప్ప ఇంకేం చదువుతాడు, రాసుకో" అన్నది.

మొన్న మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాము. పట్టీ కట్టాడు, చూశాడు, తల ఊపాడు. "ఎట్లా ఉంటోందమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. అత్త నా వైపు చూసింది. నేను నోరు మూసుకుని, మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు దాకా వచ్చేసరికి అత్త కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, "రేత్రిళ్ళు నిద్దర పట్టదు సామీ" అన్నది.